నొటేషన్ కాగితం నుంచి మిడి ఫైలు దాకా: సాఫ్ట్‌వేర్‌ను ఎలా ఎంచుకోవాలి

తిరుపతిలో సంగీతం నొటేషన్ రెండు రూపాల్లో చేతికి వస్తుంది. కీబోర్డు, వయొలిన్ గ్రేడ్ పరీక్షలకు సిద్ధమయ్యే పిల్లల దగ్గరా, చర్చి గాయకబృందాల దగ్గరా ఉండేది ఐదు గీతల స్టాఫ్ నొటేషన్. శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల విద్యార్థుల దగ్గరా, అన్నమయ్య కీర్తనలు నేర్చుకునే ఇళ్లల్లోనూ ఉండేది తెలుగు అక్షరాల్లో సరిగమలు అచ్చువేసిన స్వరసహిత పుస్తకం. ఆ నొటేషన్‌ను కంప్యూటరూ కీబోర్డూ వాయించగల మిడి ఫైలుగా మార్చుకోవాలనుకున్న ఇద్దరూ "ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?" అనే అడుగుతారు గాని, ఇద్దరికీ చెప్పవలసిన జవాబు ఒకటి కాదు. ఇద్దరికీ వర్తించే మాట ఒక్కటే ఉంది: కాగితాన్ని తప్పు లేకుండా చదివే సాఫ్ట్‌వేర్ ఇంతవరకు లేదు కనుక, ఏది ఎంత బాగా చదువుతుందన్న దానికంటే, చదివిన తప్పును ఏది ఎంత సులువుగా దిద్దుకోనిస్తుందన్నదే చూసి ఎంచుకోవాలి.

1983లో వచ్చిన మిడి ప్రమాణం ప్రకారం తయారయ్యే ఫైలులో శబ్దం ఉండదు. ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత బలంగా నొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్న ఆదేశాలు మాత్రమే ఉంటాయి. మెట్లకు 0 నుంచి 127 వరకు అంకెలు. కీబోర్డు మధ్యనుండే సి మెట్టు అంకె 60. సి షార్ప్, డి ఫ్లాట్ రెండూ మిడికి 61 మాత్రమే. కాగితం మీద వేర్వేరు స్వరాలను కలిపే స్లర్ గీతలూ, స్వరాలను గుంపులుగా కట్టిన తీరూ చాలావరకు ఇందులో మిగలవు. అందువల్ల కాగితాన్ని నేరుగా మిడిగా మార్చి ఇచ్చేసే సాఫ్ట్‌వేర్ చూడడానికి సులువుగా ఉన్నా, దానితో వచ్చే చిక్కు పెద్దది: మిడిలో తప్పు వినిపిస్తుంది గాని అది ఏ బార్‌లో (రెండు నిలువు గీతల మధ్య గడిలో), ఏ గుర్తు పోవడం వల్ల వచ్చిందో కనిపించదు. ముందు నొటేషన్‌ను గుర్తులతో సహా దాచే మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ ఫైలు తీసుకుని, దానిని నొటేషన్ ఎడిటర్‌లో తెరిచి, కాగితంతో పక్కపక్కన పెట్టి దిద్ది, చివరగా మిడి తీయడమే సరైన వరుస. కొనబోయే సాఫ్ట్‌వేర్ మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ ఇవ్వదంటే, ఇంకేమీ చూడకుండా దానిని పక్కన పెట్టవచ్చు. ఫినాలే వంటి పాత, పేరున్న ఎడిటర్‌నే దాని సంస్థ 2024 ఆగస్టులో నిలిపివేసిందంటే, ఒక్క కంపెనీ సొంత ఫార్మాట్‌లో పాటలన్నీ దాచుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు.

స్టాఫ్ నొటేషన్ ఉన్నవారు ఉచితంగా మొదలుపెట్టాలంటే ఆడివెరిస్, మ్యూజ్‌స్కోర్ ఈ రెండూ చాలు. ఆడివెరిస్ అచ్చు పేజీని చదివి మ్యూజిక్ఎక్స్ఎమ్ఎల్ ఇస్తుంది; మ్యూజ్‌స్కోర్ దానిని తెరిచి దిద్దనిచ్చి, మిడి తీసి ఇస్తుంది. ఆడివెరిస్ తెర మీది బొమ్మలూ గుర్తులూ అలవాటు కావడానికి కొంత ఓపిక కావాలి, చేతిరాత దానికి పనికిరాదు. డబ్బు పెట్టగలిగినవారికి స్మార్ట్‌స్కోర్, ఫోటోస్కోర్, స్కాన్‌స్కోర్ ఉన్నాయి. ఫోన్‌తోనే పని కావాలంటే ప్లేస్కోర్ 2 ఫోటో తీసిన పేజీని అప్పటికప్పుడు వినిపిస్తుంది; పిల్లవాడి చేతిలోని పాఠం ఎలా ఉండాలో ఇంట్లో ఒకసారి వినాలనుకునే తల్లిదండ్రులకు అంతకంటే ఎక్కువ అవసరం ఉండదు. ఏది కొనే ముందైనా దాని ట్రయల్‌లో ఫైలు ఎగుమతి చేసే వీలు ఉందో లేదో చూడండి. తెర మీద చూపించి, ఎగుమతి చేయబోతే డబ్బు అడిగే ట్రయల్ వల్ల సగం సంగతే తెలుస్తుంది.

పరీక్షకు ఇచ్చే పేజీ బాగా లేకపోతే నింద సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. జిరాక్స్ షాపులో 300 డీపీఐ, గ్రేస్కేల్ అని అడిగి స్కాన్ చేయించండి. పుస్తకం నడుమ మడత దగ్గర గీతలు వంగితే ఐదు గీతలను గుర్తుపట్టడమే కష్టమవుతుంది కనుక పేజీ బల్లపరుపుగా అదిమి పెట్టమనాలి. ఫైలును వాట్సాప్‌లో పంపించుకుంటే ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమని చెప్పాలి. ఫోటోగా పంపితే అది కుదించుకుపోయి స్వరం పక్కనుండే చిన్న చుక్కలు చెదిరిపోతాయి. ఆ చుక్క పోతే మూడు లెక్కల స్వరం రెండు లెక్కలవుతుంది.

పరీక్షకు తేలిక పేజీని ఎంచుకోవద్దు. మీరు రోజూ వాడే పుస్తకంలో రెండు చేతుల స్వరాలూ, ట్రిప్లెట్లూ (రెండు స్వరాల కాలంలో మూడు పలికేవి), మొదటి ముగింపు రెండో ముగింపు ఉన్న రిపీట్లూ ఒకేచోట కనిపించే పేజీ తీసుకుని, అదే పేజీని అన్ని సాఫ్ట్‌వేర్లకూ ఇవ్వండి. ఫలితంలో ముందుగా కీ సిగ్నేచర్, అంటే ఏ స్వరాలు షార్ప్, ఏవి ఫ్లాట్ అని గీతల మొదట చెప్పే గుర్తులు, చూడాలి. అక్కడ ఒక్క ఫ్లాట్ తప్పిపోతే పాట పొడవునా ఆ స్వరం తప్పే పలుకుతుంది, అయినా దిద్దడానికి ఒక్క మార్పు చాలు. తరువాత బార్‌కు ఎన్ని లెక్కలో కూడి చూడాలి. ఒకే స్వరాన్ని పొడిగించే టై గీతను స్లర్‌గా చదివితే ఒక్కసారి మోగవలసిన స్వరం రెండుసార్లు మోగుతుంది. ఇది కంటికి కనిపించదు, చెవికే తెలుస్తుంది. ఒక పేజీ దిద్దడానికి పట్టే సమయం, అదే పేజీని మ్యూజ్‌స్కోర్‌లో మొదటి నుంచి చేత్తో ఎక్కించడానికి పట్టే సమయం కంటే ఎక్కువైతే ఆ సాఫ్ట్‌వేర్ మీకు అక్కరలేదు. ఒంటి గీతలో సాగే చిన్న పాటలకు తరచుగా ఇలాగే జరుగుతుంది.

ఇక తెలుగు స్వరలిపి సంగతి. పైన పేర్కొన్నవన్నీ ఐదు గీతలను వెతుక్కునే సాఫ్ట్‌వేర్లు. సరిగమల పేజీ వాటికి వట్టి అక్షరాల పేజీ. తెలుగు అక్షరాలను గుర్తించే ఓసీఆర్‌కు ఇస్తే స, రి, గ, మ బాగానే వస్తాయి గాని, తారస్థాయిని చూపే పై చుక్క, మంద్రస్థాయిని చూపే కింది చుక్క, కాలాన్ని చూపే గీత పోతాయి. ఆ మూడూ పోయిన తరువాత మిగిలేది పాట కాదు. కాబట్టి ఇక్కడ స్కాన్ చేసే సాఫ్ట్‌వేర్ కోసం వెతకడం మానుకుని, తొందరగా టైపు చేయనిచ్చే సాఫ్ట్‌వేర్ కోసం వెతకాలి.

సరళీ వరుసల్లో మొదటిది తీసుకుందాం. స రి గ మ, ప ధ, ని స అని ఆది తాళంలో ఎనిమిది అక్షరాలు. రాగం మాయామాళవగౌళ కనుక శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. షడ్జాన్ని 60 అనుకుంటే వరుసగా 60, 61, 64, 65, 67, 68, 71, 72 అవుతాయి. పుస్తకంలో రి అని మాత్రమే ఉంటుంది. అది 61 అని చెప్పేది పైనున్న రాగం పేరే. మ్యూజ్‌స్కోర్‌లో ఈ రాగానికి సరిపడే కీ సిగ్నేచర్ మామూలు జాబితాలో దొరకదు, సొంతంగా తయారుచేసుకోవాలి. ఒకసారి చేసుకుంటే ఆ రాగంలోని పాటలన్నిటికీ అదే పనికొస్తుంది. షడ్జాన్ని ముందుగా సి మీదే పెట్టి మొత్తం ఎక్కించి, తరువాత ఒక్కసారిగా శ్రుతి మార్చుకోవడం మేలు. ఐదున్నర శ్రుతిలో పాడే ఆడవారికి మొత్తాన్ని నాలుగు మెట్లు దించితే షడ్జం 56 మీదికి వస్తుంది.

కీర్తనలు పదుల సంఖ్యలో ఉన్నవారికి ఏబీసీ నొటేషన్ అనే అక్షరలిపి ఇంకా అనువు. ఇందులో స్వరాలను ఇంగ్లిషు అక్షరాలతోనే టైపు చేస్తారు. ఈజీఏబీసీ వంటి ఉచిత ఎడిటర్ దానినుంచి మిడి తీస్తుంది. తెలుగులో టైపు చేసిన సరిగమలను ఫైండ్ అండ్ రీప్లేస్‌తో ఈ లిపిలోకి మార్చవచ్చు, రెండు జాగ్రత్తలు తీసుకుంటే. మొదటిది, కొన్ని పుస్తకాల్లో సా, రీ, గా అని దీర్ఘాక్షరం రెండు అక్షరకాలాలను సూచిస్తుంది. కంప్యూటర్ లెక్కలో సా అంటే స పక్కన దీర్ఘం గుర్తు కనుక, ముందు స మార్చేస్తే దీర్ఘం ఒంటరిగా మిగిలిపోతుంది. దీర్ఘాలు మార్చాకే హ్రస్వాలకు రావాలి. రెండోది కామా. మన స్వరలిపిలో కామా అంటే స్వరాన్ని ఒక అక్షరకాలం పొడిగించడం, సెమికోలన్ అంటే రెండు. ఏబీసీలో కామా పెడితే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఇది గమనించకుండా మార్చిన కీర్తనలో నిలబడవలసిన ప్రతి చోటా స్వరం మంద్రస్థాయిలోకి పడిపోతుంది. అందుచేత కామాలను ముందే స్వరం పక్కన అంకెగా మార్చుకోవాలి: ప తరువాత రెండు కామాలుంటే పంచమం పక్కన 3.

తాళం ఎక్కించేటప్పుడు ఆది తాళాన్ని నాలుగేసి లెక్కల బార్లు రెండుగా, ఖండచాపును ఐదుగా, మిశ్రచాపును ఏడుగా పెట్టుకుంటే చాలు. పల్లవి సమం (తాళం మొదలు) తప్పి ఎత్తుకునే కీర్తనల్లో ఎడుపు దాకా, అంటే పాట ఎత్తుకునే చోటు దాకా, ఉన్న ఖాళీని విరామం గుర్తుతో నింపాలి, లేకపోతే తాళం మొత్తం పక్కకు జరుగుతుంది. ఫైలులో వేగం చెప్పకపోతే మిడి నిమిషానికి 120 లెక్కలుగా తీసుకుంటుంది. విలంబకాల కీర్తన పరుగెత్తితే కారణం అదే.

స్వరాన్ని ఊపి, జార్చి పలికే గమకాల విషయంలో ఆశ తగ్గించుకోవడం మంచిది. మిడిలో స్వరాన్ని ఊపడానికి పిచ్ బెండ్ ఉంది. మామూలుగా అటు రెండు మెట్లు, ఇటు రెండు మెట్లు వంగుతుంది. కాని అది ఛానల్ మొత్తానికి వర్తిస్తుంది కనుక, పాటా తంబూరా ఒకే ఛానల్‌లో ఉంటే తోడి రాగంలోని గాంధారంతో పాటు తంబూరా కూడా ఊగుతుంది. తంబూరాకు వేరే ఛానల్ ఇవ్వడం తప్పనిసరి. అయినా గమకాలను మౌస్‌తో గీసుకుంటూ కూర్చోవడం చాలామందికి వృథా శ్రమ అని నా అభిప్రాయం. స్వరస్థానాలూ తాళమూ సరిచూసుకోవడానికి మిడి, గమకం పట్టుకోవడానికి గురువు గొంతు రికార్డింగు, ఇలా పని పంచుకుంటే రెండూ నిలుస్తాయి.

తయారైన ఫైలును కీబోర్డులో వాయించాలంటే ఇంకొక సంగతి చూసుకోవాలి. మిడి ఫైళ్లలో అన్ని భాగాలూ ఒకే ట్రాకులో ఉండే ఫార్మాట్ 0, వేర్వేరు ట్రాకులుండే ఫార్మాట్ 1 ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. మ్యూజ్‌స్కోర్ ఇచ్చేది రెండోది, కొన్ని కీబోర్డులు చదివేది మొదటిదే. పెన్‌డ్రైవ్ పెట్టినా ఫైలు మోగకపోతే ముందుగా అనుమానించవలసింది దీనినే. వాద్యాల ఎంపికలోనూ హద్దు ఉంది. జనరల్ మిడి జాబితాలోని 128 వాద్యాల్లో సితార్, షెహనాయి ఉన్నాయి గాని వీణ లేదు, నాదస్వరం లేదు. మన పెళ్లి మేళానికి ఆ జాబితాలో దగ్గరి చుట్టం షెహనాయి ఒక్కటే.

అన్నమయ్య కీర్తనలను మిడి చేసి నలుగురికీ పంచాలనుకునేవారు హక్కుల మాట కూడా ఆలోచించాలి. రాగిరేకుల్లో పాటకు రాగం పేరు ఉంది గాని స్వరం లేదు. నేడు వినిపించే బాణీల్లో చాలావరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కట్టినవి. సాహిత్యం అయిదు వందల ఏళ్లనాటిదైనా, బాణీ మీద హక్కు దానిని కట్టినవారు కన్నుమూసిన తరువాత సాధారణంగా 60 ఏళ్లు ఉంటుంది. సొంత సాధనకు ఫైలు చేసుకోవడం వేరు. యూట్యూబ్‌లోనో అమ్మకానికో పెట్టేముందు పుస్తకం అచ్చువేసినవారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి.