పాత జీపులో స్టీరింగ్ ప్లే: టై రాడ్ కీళ్ల సంరక్షణ

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా కోరాపుట్, జయపురం వైపు తిరిగే పాత జీపుల్లో స్టీరింగ్ నాలుగు వేళ్ల వెడల్పు తిరిగినా ముందు చక్రాలు కదలకపోవడం మనలో చాలామందికి అనుభవమే. దీన్నే ప్లే అంటాం. ప్లే కనబడగానే స్టీరింగ్ బాక్సు (స్టీరింగ్ తిప్పుడును చక్రాల వైపు అందించే గేర్ల పెట్టె) మీది స్క్రూ బిగించేయడం మన వైపు పాతుకుపోయిన అలవాటు, అది తప్పు. నా జీపుకు ఒక షెడ్డులో అలాగే బిగించి పంపితే, మర్నాడు ఘాట్ మలుపు తిరిగాక స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాక, రెండు చేతులతో లాగి బండిని దారికి తెచ్చుకోవలసి వచ్చింది. అరిగింది బాక్సు కాదు, ముందు చక్రాలు రెంటినీ కలిపి తిప్పే టై రాడ్ చివరనున్న బాల్ జాయింటు, అంటే గుంటలో బంతి తిరిగే కీలు.

కాబట్టి ముందుగా ప్లే ఎక్కడుందో వెతకాలి. బండి సమతలమైన నేల మీద ఉండగా, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ కొద్దిగా ఊపుతుంటే, మరొకరు కింద ఒక్కొక్క కీలునూ చేత్తో పట్టుకొని చూడాలి. రాడ్డు కదిలిన తర్వాత, కీలుతో దానికి కలిసి చక్రాన్ని తిప్పే ఆర్మ్ ఆలస్యంగా కదిలితే అరుగుదల ఆ కీలులోనే ఉన్నట్టు. కంటికి ఆనకపోయినా వేళ్లకు టక్కుమని తెలుస్తుంది. ఆ తర్వాత ముందు భాగాన్ని లేపి, గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపితే కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన నిలువు కడ్డీ), బేరింగుల లోపం బయటపడుతుంది. జాకీని మాత్రమే నమ్మి బండి కిందికి ఎన్నడూ దూరకూడదు.

గ్రీజు పట్టే ముందు నిప్పిల్‌ను, అంటే కీలుకు గ్రీజు ఎక్కించే చిన్న మూతిని, గుడ్డతో తుడవాలి. లేదంటే దాని మీది ఎర్రమట్టి గ్రీజుతో పాటే లోపలికి పోయి, బంతిని సానరాయిలా అరగదీస్తుంది. నల్లబడిన పాత గ్రీజు పోయి కొత్తది కనబడేదాకా మెల్లగా పంపు చేయాలి. ప్లే ఉన్న కీలుకు ఎంత గ్రీజు పట్టినా లాభం లేదు, మార్చవలసిందే.

మార్చేటప్పుడు నట్టు వదులు కాకుండా పట్టి ఉంచే స్ప్లిట్ పిన్ తీసి, నట్టును కొన్ని చుట్లు వదులు చేసి, ఆర్మ్ కంటికి (కీలు దూరే రంధ్రమున్న చివరకు) ఒక పక్క బరువైన సుత్తి ఆనించి రెండో పక్క మరో సుత్తితో కొడితే కీలు ఊడుతుంది. మర మీద కొట్టకూడదు. రాడ్డుకు ఒక చివర ఎడమ మర (ఎదురు దిశలో బిగిసేది) ఉంటుంది గనుక తిప్పే దిశ చూసుకొని, పాత కీలు ఎన్ని చుట్లకు ఊడిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్ని చుట్లే ఎక్కించాలి. పిన్ రంధ్రం కలవకపోతే నట్టును మరికాస్త బిగించాలే తప్ప వెనక్కి తిప్పరాదు. కొత్త పిన్ వేసి, రాడ్డు మీది క్లాంపులు బిగించి, చక్రాల అలైన్‌మెంట్ (అవి సరైన వరుసలో ఉన్నాయో లేదో) చూపించాకే ఘాట్ ఎక్కాలి.