చెక్క బొమ్మల్ని పాడు చేయకుండా శుభ్రం చేయడం ఎలా?

ఆషాఢం దాటిందంటే మా కోనసీమలో ఉప్పు జాడీ నుంచి బీరువాలో చీరల దాకా అన్నీ చెమ్మెక్కుతాయి. పిల్లల చెక్క బొమ్మల మీదా తెల్లగా బూజు తేలుతుంది. అది కనబడగానే బకెట్లో సర్ఫు కలిపి బొమ్మల్ని ముంచేస్తారు. పిల్లలు విసిరికొడితే విరిగిన బొమ్మల కన్నా ఈ స్నానాలకు పోయినవే నేను ఎక్కువ చూశాను.

కావలసినవి పెద్దగా ఏం లేవు. మెత్తటి పాత నూలు పంచె ముక్కలు మూడు, పాత టూత్‌బ్రష్, గిన్నెడు చన్నీళ్లు, అందులో రెండు చుక్కల కుంకుడు రసం. అంట్ల లిక్విడ్ వాడొచ్చంటారు గానీ, నోట్లో పెట్టుకునే వస్తువుకు కుంకుడుకాయే వాడాలి.

ముందు చేతిలో ఉన్న బొమ్మ ఏ రకమో చూసుకోండి. గుండ్రంగా నున్నగా మెరిసే బొంగరాలు, గిలకలు, లక్కపిడతలు ఏటికొప్పాక తరహావి. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పడుతుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఎడ్లబండి, ఏనుగు అంబారీ లాంటివి కొండపల్లివి. తెల్ల పొణికి చెక్కతో విడివిడిగా చేసిన కాళ్లూ చేతుల్ని చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. నీళ్లు తగిలితే ఆ మక్కు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొండపల్లి బొమ్మకు పొడి బ్రష్షే, తడి బట్ట వద్దు.

లక్క బొమ్మలకైతే బ్రష్‌తో దుమ్ము దులిపి, తడి బట్టతో తుడవండి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. బట్టను ఎంత పిండాలంటే, బుగ్గకు ఆనిస్తే చల్లగా తగలాలి, తడి అంటకూడదు. కొంచెం తుడవగానే వెంటనే పొడి బట్టతో ఒత్తాలి. మొత్తం తడిపేసి తర్వాత ఆరబెడదామంటే కుదరదు. చక్రాల బెజ్జాల్లోకీ అతుకుల్లోకీ దిగిన నీరు పైకి కనబడదు, నెల తర్వాత పగులై బయటపడుతుంది. వేడి నీళ్లు అసలు వద్దు, వేడికి కరిగించి పట్టించిన లక్క వేడికే మెత్తబడుతుంది.

శానిటైజర్ సంగతి వేరే చెప్పాలి. కరోనా రోజుల్లో మా బంధువులావిడ మనవడి బొమ్మలన్నిటినీ దాంతో తుడిచి, రంగు చేతికంటుకుంటోందని అమ్మినవాణ్ణి తిట్టిపోసింది. పాలిష్ కోసం వడ్రంగులు లక్కను కరిగించేదే స్పిరిట్‌లో. శానిటైజర్‌లో ఉండేదీ అలాంటి ఆల్కహాలే. పాపం, ఆ అమ్మినవాడి తప్పేముంది?

ఆరబెట్టడమూ అంతే జాగ్రత్తగా చేయాలి. ఎండలో పెట్టకండి. పైపొర ముందే ఎండి బిగుసుకుంటుంది, లోపల చెమ్మ అలాగే ఉంటుంది. దాంతో నార వెంబడి చెక్క చీలుతుంది. కింద కూడా గాలి తగిలేలా వెదురు తట్టలో పెట్టి, నీడన ఫ్యాన్ కింద ఉంచి, పూటకోసారి తిరగేయండి. వేసవిలో ఒక పూట చాలు. ముసురు పట్టిన రోజుల్లో రెండు రోజులైనా ఉంచాలి. మా చెల్లెలు అనంతపురం నుంచి ఫోన్ చేసి "గంటలో ఆరిపోతాయి కదక్కా" అంటుంది. అక్కడి గాలి వేరు, మా కాలవగట్టు గాలి వేరు.

రంగు వేయని ఉత్త చెక్క బొమ్మలకు చివర్లో ఒక చుక్క కొబ్బరినూనె రాసి గట్టిగా తుడిచేయాలి. ఎక్కువైతే పాత నూనె వాసన వేస్తుంది. ఆలివ్ నూనె అంటారు కొందరు. పెరట్లో కొబ్బరి చెట్టు పెట్టుకుని ఆ ఖర్చెందుకో!

దాచేటప్పుడు ప్లాస్టిక్ కవర్ వద్దు, గుడ్డ సంచిలో ఎండిన వేపాకు వేసి అటకెక్కించండి. నోట్లో పెట్టుకునేవాటి దగ్గర కలరా ఉండలు పెట్టకూడదు. సన్న బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి కనిపిస్తే పుచ్చు పట్టినట్టే. ఆ బొమ్మను అప్పటికప్పుడే వేరు చేయండి. రంగు పెచ్చులూడినవి సంక్రాంతి కొలువులో పై మెట్టుకు పనికొస్తాయి, పసిపిల్లల చేతికి మాత్రం ఇవ్వకూడదు.

నడక నేర్చుకునే మూడు చక్రాల బండికీ ఇదే పద్ధతి. దాని ఇరుసుకు మాత్రం నేను నూనె వేయను. కిర్రుకిర్రు వినబడుతున్నంతసేపూ మనవడు ఏ గదిలో ఉన్నాడో వెతుక్కోనక్కర్లేదు.