లోక్ అదాలత్‌లో రాజీ సంతకానికి ముందు జాగ్రత్తలు

కేసులను రాజీతో ముగించే జాతీయ లోక్ అదాలత్ దగ్గర పడుతోంది. విజయవాడ, గుంటూరు కోర్టుల్లో భరణం, పిల్లల సంరక్షణ గొడవలు రాజీ చేసుకోవాలనుకునేవారు ఇవి చూసుకోండి.

సంతకం చేస్తే అప్పీలు లేదు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం, 1987 సెక్షన్ 21 ప్రకారం రాజీపై అక్కడ ఇచ్చే అవార్డు (తీర్పు) సివిల్ కోర్టు డిక్రీతో సమానం. అర్థం కాని వాక్యం ఒక్కటున్నా కలం కింద పెట్టండి. రాజీ కుదరకపోతే కేసు తిరిగి కోర్టుకే వెళుతుంది, మీకు నష్టం లేదు.

అంకెలు, తేదీలు రాయించండి. మా బంధువుల అమ్మాయి కాగితంలో ‘పిల్లవాడి చదువు ఖర్చు తండ్రిదే’ అని మాత్రమే ఉంది. జూన్ రాగానే ఫీజు కట్టారు గానీ, బస్సు, యూనిఫారం, పుస్తకాలు చదువు కిందకు రావన్నారు. పాపం, ఆమె ఆ రసీదులన్నీ ఇప్పటికీ ఒక కవరులో దాచుకుని తిరుగుతోంది. ఏ నెల, ఏ తేదీకి, ఏ ఖాతాలోకి, ఏయే ఖర్చులకు అన్నది వరసగా ఉండాలి.

పిల్లలను చూసే రోజులు కూడా అంతే. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు ఎవరి దగ్గరో విడివిడిగా రాయించండి. ‘వీలున్నప్పుడు’ అనే మాట ఒప్పుకోవద్దు, రేపు గొడవ అక్కడే మొదలవుతుంది.

విడాకులు ఇక్కడ రావు. వాటికి ఫ్యామిలీ కోర్టుకే వెళ్లాలి.

వకీలు ఖర్చుకు భయపడి ఒంటరిగా వెళ్లకండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. 15100కు ఫోను చేయండి.