ఇంటిని చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: రుమా గదాంగ్ లోపల

పోయిన రెండు పాఠాల్లో రుమా గదాంగ్‌ని, అంటే ఇండోనేషియాలో పశ్చిమ సుమత్రాలో ఉండే మినంగ్‌కబావ్ ప్రజల సంప్రదాయ పెద్దింటిని బయటినుంచి చూశాం. కొమ్ముల్లా పైకి లేచిన గొంజోంగ్ కప్పు, ముంగిట్లో ధాన్యం దాచే రంగ్కియాంగ్ కొట్లు ఇప్పుడు చూడగానే గుర్తుపడతారు. ఈసారి మెట్లెక్కి లోపలికి వెళ్దాం. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

అడ్డంగా పొడవాటి దీర్ఘచతురస్రం గీసి, నిలువు గీతలతో 5 భాగాలు చేయండి. స్తంభాల వరసల మధ్య ఉండే ఒక్కో భాగాన్నీ రువాంగ్ అంటారు. ఇల్లు ఎంత పెద్దదో ఈ లెక్కతోనే చెబుతారు. ఎక్కువగా బేసి సంఖ్యే ఉంటుంది, కానీ అక్కడి సులిట్ ఆయిర్ అనే ఊళ్ళో 20 రువాంగ్‌ల ఇల్లు కూడా ఉంది.

ఇప్పుడు వెనక గోడ పొడవునా చిన్న చిన్న గదులు గీయండి. వాటిని బిలిక్ అంటారు. ముందు భాగమంతా ఖాళీగా వదిలేయండి. పెళ్ళిళ్ళు, పంచాయతీలు, భోజనాలు అన్నీ ఆ హాల్లోనే జరుగుతాయి. బిలిక్‌లో మంచం వేశాక మిగిలే చోటు తక్కువే.

మరి ఆ గదులు ఎవరివి? పెళ్ళయిన ఆడపిల్లలవి. ఈ ఒక్క విషయం పట్టుకుంటే ఇల్లు మొత్తం అర్థమవుతుంది. వంశం, ఉమ్మడి ఆస్తి తల్లి నుంచి కూతురికి వస్తాయి. పాత పద్ధతిలో భర్త, అంటే సుమాండో, రాత్రికి వచ్చి పొద్దున్నే వెళ్ళేవాడు. కాస్త ఎదిగిన మగపిల్లలు సురావ్ అనే ప్రార్థనా మందిరంలో పడుకునేవారు. అక్కడే ప్రార్థన, చదువు, కర్రసాము లాంటి విద్యలు. మినంగ్‌కబావ్ వాళ్ళు ముస్లింలు. ఇస్లాంతో పాటే తల్లి వంశాన్నీ నిలుపుకున్నారు. నేను వీళ్ళని గౌరవించడానికి అసలు కారణం అదే. ఇప్పుడు చాలా కుటుంబాలు మామూలు ఇళ్ళల్లోనే ఉంటున్నాయి. వేడుకలకి మాత్రం పెద్దింటికి చేరతారు.

గది లేదు కాబట్టి మగవాడికి బాధ్యత లేదనుకోకండి. ముందు గోడ చెక్కడాల్లో లేత ఫెర్న్ చిగురు చుట్టుకుని ఉండే నమూనా ఒకటుంది, పేరు కలువాక్ పాకు. చిగురు ముందు లోపలికి ముడుచుకుని, తర్వాత బయటికి తిరుగుతుంది. దీన్ని చూసి చెప్పే సామెత ఇది: సొంత బిడ్డని ఒళ్ళో పెట్టుకో, అక్కచెల్లెళ్ళ బిడ్డకి దారి చూపించు. తండ్రిగా, మేనమామగా రెండు బరువులూ ఒకడివే. ఆస్తి వ్యవహారాలు చూసేది, తగవులు తీర్చేది కూడా మేనమామే.

అభ్యాసం: ఒక రుమా గదాంగ్ లోపలి ఫొటో తీసుకుని, మీ ప్లాన్ పక్కన పెట్టి చూడండి. నేల రెండు చివర్లా మెట్టుగా ఎత్తుకుని ఉందా? ఉంటే అది హోదాలు పాటించే కోటో పిలియాంగ్ సంప్రదాయం. అంతా ఒకే మట్టంగా ఉంటే, అందరూ సమానమనే బోడి చనియాగో. మీ ప్లాన్‌లో ఆ తేడా గుర్తు పెట్టండి.

వచ్చే పాఠంలో స్తంభాల కిందికి వెళ్దాం. వాటిని మట్టిలో పాతకుండా చదును రాళ్ళ మీద ఎందుకు నిలబెడతారో, భూకంపం వస్తే ఏమవుతుందో చూద్దాం.