గుడారంలో రాత్రి: తడి, చలి, పొగ, తలనొప్పి - కారణాలు, పరిష్కారాలు

ఆరుబయట గుడారం వేసుకున్న రాత్రి ఏ తేడా వచ్చినా, ముందుగా నింద పడేది కళ్ళెదుట ఉన్న వస్తువు మీదే. లోపల తడి కనిపిస్తే గుడారం కారుతోందంటాము, చలి వేస్తే స్లీపింగ్ బ్యాగ్ పలచనిదంటాము, మంట అంటుకోకపోతే అగ్గిపుల్లలు చెమ్మగిల్లాయంటాము. చాలాసార్లు అసలు కారణం ఆ వస్తువులో ఉండదు. అందుకే ఇక్కడ ప్రతి సమస్యకూ కారణాన్ని ఎలా గుర్తుపట్టాలో ముందు చెప్పి, ఆ తర్వాతే పరిష్కారం చెబుతున్నాను.

వాన పడలేదు, అయినా తెల్లవారేసరికి లోపలంతా తడి

నేను కొత్తగా గుడారం కొన్న రోజుల్లో ఇదే జరిగితే, కుట్లు వదులయ్యాయనుకుని ప్రతి కుట్టుకూ జిగురు పూసుకుంటూ ఒక రోజంతా గడిపాను. ఆ రాత్రి కూడా తడి అంతే ఉంది. పైకప్పు లోపలి వైపు వేలితో ఒక గీత గీసి చూడండి. సన్నని బిందువులు అంతటా సమానంగా పరచుకుని ఉండి, వేలు వెళ్ళిన దారి మాత్రమే శుభ్రంగా కనిపిస్తే, ఆ నీరు మీ ఊపిరిలోనిది. నిద్రలో మనం వదిలే ఆవిరి రాత్రి చల్లబడిన గుడ్డను తాకి నీరుగా మారుతుంది. అలా కాకుండా తడి ఒక్క కుట్టు వెంట గాని, ఒక్క మూలలో గాని ఉంటే, అప్పుడు మాత్రమే గుడారాన్ని అనుమానించాలి.

ఊపిరి తడికి విరుగుడు గాలి. చలిగా ఉందని కిటికీలన్నీ మూసేస్తే సమస్య రెట్టింపవుతుంది కాబట్టి, ఎదురెదురుగా రెండు చోట్ల కొంచెం తెరిచి ఉంచాలి. తడిసిన బట్టలను లోపల ఆరవేయకూడదు. వాగు ఒడ్డునా, పల్లంలోనూ రాత్రివేళ చల్లని తేమగాలి దిగి నిలుస్తుంది కనుక, కాస్త ఎత్తుగా ఉన్న చోటు చూసుకోవాలి. తడి కింది నుంచి వస్తుంటే, గుడారం అడుగున పరచిన పట్టాను చూడండి. పట్టా అంచు గుడారం బయటికి వచ్చి ఉంటే వాన నీటిని పట్టి తిన్నగా మీ కిందికి చేరుస్తుంది. నాలుగు వైపులా అంచును లోపలికి మడిచేస్తే చాలు.

స్లీపింగ్ బ్యాగ్ మందంగానే ఉంది, వీపు మాత్రం గడ్డకడుతోంది

స్లీపింగ్ బ్యాగ్ వెచ్చదనమంతా దాని దూదిలో చిక్కుకున్న గాలిది. మనం పడుకున్న చోట ఆ దూది అణిగిపోయి, గాలి బయటికి పోయి, వీపుకీ నేలకీ మధ్య పలచని గుడ్డ మాత్రమే మిగులుతుంది. చల్లని నేల ఒంటి వేడిని రాత్రంతా లాగుతూనే ఉంటుంది. పైన ఇంకో రెండు దుప్పట్లు కప్పినా ప్రయోజనం లేనిది ఇందుకే. ఆ రెండింటిలో ఒకదాన్ని కిందికి మార్చి చూడండి, తేడా కొద్ది నిమిషాల్లోనే తెలుస్తుంది.

క్యాంపింగ్ చాపల మీద ఆర్-వాల్యూ అనే అంకె ఉంటుంది, ఒంటి వేడి నేలలోకి పోకుండా చాప ఎంత ఆపగలదో అది చెబుతుంది. సాధారణ వేసవి రాత్రులకు 2 సరిపోతుంది, మంచు కురిసే రాత్రులకు 4 గాని అంతకంటే ఎక్కువ గాని కావాలి. ఒకదాని మీద ఒకటి పరిస్తే అంకెలు కలుస్తాయి కనుక 2 ఉన్న చాపలు రెండు 4తో సమానం. చాపే లేనప్పుడు ఎండుటాకులను జానెడు మందానికి తగ్గకుండా పరచుకోవాలి, అవి అణిగిపోతాయి కాబట్టి మొదట అంతకు రెట్టింపు పోసుకోవాలి. పగలంతా చెమట పట్టిన బట్టలతో మాత్రం పడుకోకూడదు.

నెగడు అంటుకోదు, అంటుకున్నా పొగే తప్ప మంట లేదు

కొత్తవారు అందరికంటే ఎక్కువ అగ్గిపుల్లలు తగలేసేది ఇక్కడే. పొగ దట్టంగా, తెల్లగా వస్తోందంటే కట్టెలో నీరుందని అర్థం. పచ్చికట్టె బరువులో సగం దాకా నీరే ఉండవచ్చు. కట్టె మండాలంటే సుమారు 250 నుంచి 300 డిగ్రీల వేడి కావాలి, కాని లోపలి నీరు ఆవిరై పోయేదాకా అక్కడి వేడి 100 డిగ్రీలు దాటి పెద్దగా పెరగదు. అంటే మీరు రాజేసిన చిన్న మంట తన శక్తినంతా నీళ్ళు కాచడానికే ఖర్చు పెట్టి ఆరిపోతోందన్నమాట. ఇందులో అగ్గిపుల్ల తప్పేమీ లేదు.

నేల మీద పడి ఉన్న కట్టె చూడడానికి ఎండినట్టే ఉన్నా అడుగు నుంచి చెమ్మ పీల్చుకుని ఉంటుంది. చెట్టు మీదే ఎండిపోయి కొమ్మల్లో చిక్కుకున్న పుల్లలను తీసుకోవాలి. విరిచినప్పుడు ఫటుక్కున శబ్దం వస్తే పనికివస్తుంది, వంగి నార సాగితే పనికిరాదు. వాన పడిన తర్వాత కూడా మణికట్టంత లావు కట్టెలో నడిమి భాగం చాలాసార్లు పొడిగానే ఉంటుంది. దాన్ని నిలువుగా చీల్చి, లోపలి వైపును చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే తేమ ఉన్నట్టు, ఏమీ తెలియకపోతే పొడిగా ఉన్నట్టు. తేమ విషయంలో వేళ్ళకంటే చెంప నిజం చెబుతుంది. తడిసిన పైభాగాన్ని చెక్కేసి, లోపలి చెక్కను అగ్గిపుల్లంత సన్నని పేళ్ళుగా చీల్చుకోవాలి.

కట్టె పొడిగానే ఉండి మంట నిలవకపోతే, మధ్య మెట్టు లేదని అర్థం. పీచు లేక పేళ్ళ తర్వాత పెన్సిలంత పుల్లలు, ఆ తర్వాత బొటనవేలంత, ఆ తర్వాత మణికట్టంత కట్టెలు రావాలి. చాలామంది పేళ్ళ మీద నేరుగా దుంగ పెట్టి ఊదుతూ కూర్చుంటారు. మంట మొదలు పెట్టకముందే ప్రతి కొలతలోనూ అవసరమనుకున్నదానికి రెట్టింపు పోగేసుకోవాలి, ఎందుకంటే చితుకులు అయిపోయి ఏరుకోవడానికి లేచిన ఆ రెండు నిమిషాల్లోనే మంట చచ్చిపోతుంది. తడి నేల మీదైతే ముందుగా నాలుగైదు లావు కట్టెలు పక్కపక్కనే పేర్చి వాటి మీద రాజేయాలి. పుల్లలను మరీ దగ్గరగా కుక్కితే గాలి ఆడక పొగ వస్తుంది, మరీ ఎడంగా పెడితే ఒకదాని వేడి ఇంకొకదానికి అందదు.

వాగులోంచి తెచ్చిన రాళ్ళను నెగడు చుట్టూ పెట్టకూడదు. పగుళ్ళలో చేరిన నీరు ఆవిరై అవి పేలవచ్చు. గాలి బలంగా వీస్తూ చుట్టూ గడ్డి ఎండి ఉంటే నెగడు ఆలోచనే మానుకోవాలి. ఆర్పేటప్పుడు నీళ్ళు పోసి, కర్రతో కలియబెట్టి, మళ్ళీ పోసి, చివరికి అరచేతి వెనక వైపును బూడిదకు దగ్గరగా తెచ్చి చూడాలి. వేడి తగులుతుంటే ఆరనట్టే లెక్క.

గ్యాస్ డబ్బా బరువుగానే ఉంది, స్టవ్ మాత్రం నీరసంగా మండుతోంది

బర్నర్ పాడైందని విప్పే ముందు డబ్బాను తాకి చూడండి. లోపలి బ్యూటేన్ సున్నా డిగ్రీలకు కాస్త దిగువనే మరగడం మానేసి ద్రవంగా ఉండిపోతుంది. ప్రొపేన్ మాత్రం సున్నాకు దిగువన 42 డిగ్రీల వరకూ ఆవిరవుతుంది. రెండూ కలిపిన డబ్బాలో ప్రొపేన్ ముందుగా అయిపోతుంది కనుక, మొదట బాగా మండిన స్టవ్ చలిలో క్రమంగా డీలా పడుతుంది. పైగా ద్రవం ఆవిరయ్యే కొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది. డబ్బా బయట చెమ్మ పట్టిన గీత ఎంత ఎత్తున ఉందో లోపల ద్రవం అంత ఉన్నట్టు.

రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకుని పడుకోవాలి, వంట వేళ దాన్ని గోరువెచ్చని నీటి గిన్నెలో నిలబెట్టాలి. మంట మీద వేడి చేయడం, స్టవ్ చుట్టూ గాలి ఆడకుండా డబ్బాతో సహా రేకు చుట్టడం, రెండూ డబ్బా పేలడానికి దారులే.

నీళ్ళు కాచి తాగినా కడుపు చెడింది

నీరు తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం, 2000 మీటర్లకు పైన మూడు నిమిషాలు మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి. ఇలా చేసినా విరేచనాలు పట్టుకుంటే, సాధారణంగా దోషం చేతులది, లేదా వాగు నీటితో కడిగిన గ్లాసుది. మలవిసర్జన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవడం మరిగించడంతో సమానమైన పని. పురుగుమందులు, లోహాలు కలిసిన నీటిని మాత్రం ఎంత మరిగించినా లాభం లేదు.

గుడారంలో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం

దీన్ని అలసట అనుకుని పడుకోవడమే అన్నిటికంటే ప్రమాదకరమైన పొరపాటు. లోపల స్టవ్ గాని, బొగ్గుల కుంపటి గాని, ఆరిపోయినట్టు కనిపించే నిప్పుల గిన్నె గాని ఉంటే కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమానించాలి. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, నిద్రలో ఉన్నవాడు మేలుకునే అవకాశం కూడా ఉండదు. వెంటనే అందరినీ బయటికి తీసుకురావాలి. బయటి గాలిలో నొప్పి తగ్గుతుంటే అనుమానం బలపడినట్టే. తగ్గినా సరే వైద్యుడికి చూపించాలి. 2500 మీటర్లు దాటిన ఎత్తులో ఇవే లక్షణాలు ఎత్తు వల్ల కూడా వస్తాయి, అయితే అవి బయటికి వచ్చినంత మాత్రాన తగ్గవు, కిందికి దిగాలి. గుడారంలోకి నిప్పు తేకపోవడం ఒక్కటే దీనికి నమ్మదగిన నివారణ.

వణుకుతున్న మనిషి వణకడం ఆపేశాడు

వెచ్చబడ్డాడని సంతోషించకండి. ఒంటి లోపలి వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే హైపోథర్మియా అంటారు. ఇంకా తగ్గితే వణికే శక్తి కూడా పోతుంది. మంచు పడనక్కర లేదు, గాలి, తడి బట్టలు కలిస్తే సున్నాకు ఎంతో పైన కూడా ఇది వస్తుంది. ముందుగా చేతులు చెబుతాయి: జిప్పు లాగలేకపోవడం, తాడు ముడి వేయలేకపోవడం. తర్వాత మాట ముద్దవుతుంది, నడక తడబడుతుంది. అడిగితే బాగానే ఉన్నానంటాడు, కాబట్టి అతని మాట కాదు, అతని చేతులను చూడాలి.

గాలి తగలని చోటికి చేర్చి, తడి బట్టలు తీసేసి, కింద మందంగా పరచి, తలతో సహా కప్పాలి. వేడినీళ్ళ సీసాలను గుడ్డలో చుట్టి చంకల్లో, ఛాతీ మీద పెట్టాలి. తెలివిగా ఉండి మింగగలిగితేనే తియ్యని వేడి పానీయం పట్టాలి, మద్యం ఇవ్వకూడదు. చేతులూ కాళ్ళూ రుద్దకూడదు. వణుకు ఆగి, మాట తడబడుతున్న వ్యక్తిని నడిపించకుండా పడుకోబెట్టే ఉంచాలి, కుదుపు తగిలితే గుండె లయ తప్పవచ్చు. ఒకరు సాయం కోసం కబురు పంపుతుండగా ఇంకొకరు అతని పక్కనే ఉండి ఊపిరిని గమనిస్తూ ఉండాలి.