గేటు నుంచి పోర్టికో దాకా పేవర్ బ్లాకులు: మీరే పరుచుకోవడం ఎలా?

పేవర్ బ్లాకుల దారి ఏడాదికే కుంగిందంటే తప్పు చాలావరకు బ్లాకులది కాదు, కింద వేసిన పునాదిది. కాబట్టి ఎక్కువ శ్రమ పైకి కనపడని చోటే పెట్టండి. 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు దారికి లెక్క ఇది.

సామాను

కారు వరకే అయితే 60 మి.మీ. మందం బ్లాకులు చాలు. నీళ్ల ట్యాంకర్ లోపలికి వచ్చే ఇల్లయితే 80 మి.మీ. తీసుకోండి. కోతకు, విరిగేవాటికి కలిపి 215 చదరపుటడుగులు తెప్పించండి. దించేటప్పుడు రెండు బ్లాకులు తీసి ఒకదానితో ఒకటి కొట్టి చూడండి: ఖంగుమనాలి. మొద్దు చప్పుడొచ్చి అంచు పొడిపొడిగా రాలితే అది సరిగా క్యూరింగ్ కాని సరుకు, వెనక్కి పంపేయండి. పునాదికి కంకర, డస్ట్ కలిసిన వెట్ మిక్స్ 150 ఘనపుటడుగులు, పైన పరుపుకి ముతక ఇసుక 30 ఘనపుటడుగులు కావాలి. నేలను అదిమే మిషన్, అంటే ప్లేట్ కాంపాక్టర్, అద్దెకు దొరుకుతుంది. దాని బదులు దిమ్మిసతో సరిపెట్టుకోవద్దు.

1. తవ్వకం, వాటం

దారం కట్టి, మూల దగ్గర ఒకవైపు 3 అడుగులు, రెండోవైపు 4 అడుగులు కొలవండి. ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు వస్తేనే మూల సరిగ్గా ఉన్నట్టు. 60 మి.మీ. బ్లాకులకైతే బ్లాకు పైమట్టం నుంచి తొమ్మిదిన్నర అంగుళాలు లోతు తవ్వాలి, 80 మి.మీ. అయితే ఇంకో ముప్పావు అంగుళం. రెండు పక్కలా ఆరేసి అంగుళాలు ఎక్కువ తవ్వండి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. అక్కడ ఇంకో 6 అంగుళాలు తీసి మొరం పోసి కాంపాక్టర్‌తో అణచాలి. దారిలో సంపు ఉంటే, దాని స్లాబు కారు బరువుకి వేసిందో కాదో ముందే తేల్చుకోండి.

వాటం 50 అడుగులకు ఒక అడుగు, అంటే 20 అడుగులకు దాదాపు 5 అంగుళాలు. నీళ్లు గోడవైపు కాకుండా గేటువైపో ఇంకుడు గుంతవైపో పోవాలి. నీళ్ల పైపుతో మట్టం చూసి ఈ వాటం మట్టిలోనే తేవాలి. మట్టిని అలాగే వదిలి పైన ఇసుకతో సర్దితే, ఇసుక మందంగా పడ్డచోటే చక్రాల గాడి పడుతుంది.

2. పునాది

వెట్ మిక్స్‌ని నాలుగేసి అంగుళాల చొప్పున రెండు పొరలుగా పోయండి. ఒక్కో పొర అణిగి 3 అంగుళాలు అవుతుంది. ఒకేసారి పోస్తే మిషన్ దెబ్బ అడుగుదాకా దిగదు. గుప్పెడు తీసి పిసికితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నీరు కారకూడదు. అదే సరైన తడి. నాలుగు సార్లు కాంపాక్టర్ తిప్పాక మడమతో గట్టిగా తొక్కితే గుర్తు పడకూడదు.

3. అంచులు

రెండు పక్కలా కర్బ్ రాళ్లు 1:2:4 (సిమెంటు, ఇసుక, కంకర) కాంక్రీట్‌లో నిలబెట్టి, వారం రోజులు నీళ్లు కొట్టండి. అంచు గట్టిగా లేకపోతే కారు తిరిగేకొద్దీ బ్లాకులు పక్కకి జరిగి సందులు విచ్చుకుంటాయి.

4. ఇసుక పరుపు

అంగుళం జి.ఐ. పైపులు రెండు పునాది మీద పరవండి. వాటి బయటి మందం 33 మి.మీ. ఉంటుంది. మధ్యలో ఇసుక పోసి, పైపుల మీద అల్యూమినియం పట్టీ లాగండి. పైపులు తీసి ఆ గాడులు ఇసుకతో నింపండి. ఆ తర్వాత ఇసుక మీద కాలు పెట్టొద్దు. సిమెంటు కలపొద్దు, క్రషర్ డస్ట్ వాడొద్దు. డస్ట్‌లోని మెత్తటి పొడి నీటిని పట్టి ఉంచి, వానాకాలంలో బురదవుతుంది.

5. బ్లాకులు

తిన్నటి అంచు నుంచి మొదలుపెట్టి, పరిచిన బ్లాకుల మీదే నిలబడి ముందుకు సాగండి. సందు 2 నుంచి 4 మి.మీ. ఉంటే చాలు. ప్రతి నాలుగైదు వరసలకి దారం చూసుకోవాలి, లేకపోతే చివరికి వరస వంకర తేలుతుంది. మూడో వంతు కంటే చిన్న ముక్క అంచున పెట్టొద్దు, అది ఊడొస్తుంది. ముక్కలు కోసేటప్పుడు తడిపి కోయండి, మాస్కు కట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

ముందు రెండుసార్లు కాంపాక్టర్ తిప్పి, పగిలినవి మార్చండి. తర్వాత ఎండిన సన్న ఇసుక చల్లి, చీపురుతో సందుల్లోకి ఊడ్చి, మళ్లీ తిప్పండి. తడి ఇసుక సందులోకి దిగదు, పైనే పేరుకుంటుంది. కారు ఆ రోజే ఎక్కించవచ్చు. రెండు వానలు పడ్డాక ఇసుక దిగిన సందులు మళ్లీ నింపండి.