జంస్కార్‌లో ట్రెక్కింగ్ క్యాబిన్ కట్టబోతున్నారా? ముందు ఇవి చూసుకోండి

జూన్ వచ్చేసరికి కనుమల మీద మంచు కరుగుతుంది. సెప్టెంబరు దాటితే రాత్రిపూట నీళ్లు మళ్లీ గడ్డకడతాయి. లద్దాఖ్‌లో, అందులోనూ జంస్కార్ వైపు, ఏదన్నా కట్టాలంటే చేతిలో ఉండేది ఈ మధ్య నెలలే. ఆరుగురు పడుకునేంత చిన్న క్యాబిన్ కడదామని బయల్దేరే మనవాళ్లు మొదట అడిగేది ఒకటే: "లోపల వెచ్చగా ఉండాలంటే ఏం వాడాలి?" ఆ సంగతి తర్వాత. అంతకంటే ముందు ప్రాణాల మీదకి తెచ్చేవి రెండున్నాయి: మీరు ఎంచుకున్న చోటు, గదిలో గాలి.

నడిచి నడిచి అలసిపోయిన కళ్లకి, గండి నోట్లోంచి విసనకర్రలా పరుచుకున్న చదును నేల ఎంతో బాగుంటుంది. పక్కనే నీళ్లు కూడా. కానీ ఆ చదును ఎలా వచ్చింది? పైనుంచి వరద ఎప్పుడెప్పుడో మోసుకొచ్చి పోసిన రాళ్లూ మట్టీ అది. మళ్లీ వరదొస్తే దాని దారి అదే. లేహ్‌లో ఏడాదంతా కలిపి కురిసేది 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. మన కోస్తాలో ఒక్క వాయుగుండం రోజున అంత పడుతుంది. అలాంటి చోట 2010 ఆగస్టు 5 అర్ధరాత్రి కుంభవృష్టి కురిసి, బురదా బండలూ ఇళ్ల మీద పడి 200 మందికి పైగా చనిపోయారు. ఎడారే కదా, వానేం చేస్తుందిలే అనుకోకండి. చెట్టూ చేమా లేని కొండ నీటిని పట్టి ఉంచలేదు.

మంచు చరియల సంగతీ అంతే. అవి ఎక్కువగా జారేది 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద. వేసవిలో చూస్తే ఆ వాలు అమాయకంగా కనిపిస్తుంది. అందుకే ఊరి పెద్దని, అక్కడ గోబా అంటారు, పశువులు కాసేవాళ్లని కూర్చోబెట్టి అడగండి: "చలికాలంలో మంచు ఎక్కడిదాకా జారి వస్తుంది?" వాళ్లు చెయ్యి చాచి చూపించిన గీతకి బాగా ఇవతలే కట్టండి. ఆ నేల ఎవరిదో, అనుమతి ఎవరివ్వాలో కూడా అప్పుడే తేల్చుకోండి. అభయారణ్యం హద్దుల్లో అయితే అటవీ శాఖని అడగకుండా ఒక్క రాయి కూడా కదపొద్దు.

ఇక గాలి. చలికి భయపడి సందులన్నీ గుడ్డలతో కుక్కేసి, బుఖారీ, అంటే గదిని వేడి చేసే ఇనుప పొయ్యి, వెలిగించి పడుకుంటారు. గాలాడని గదిలో ఆ మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, తల తిరగడం దాని లక్షణాలు. కొండ ఎత్తు ఒంటికి పడకపోయినా వచ్చేవి సరిగ్గా అవే! "ఎత్తు పడలేదులే, కాసేపు పడుకో" అని పక్కవాడు చెప్పే మాట అక్కడ అన్నిటికంటే ప్రమాదం. గదిలో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొప్పిగా ఉంటే కారణం వెతుక్కుంటూ కూర్చోకండి, అందర్నీ బయటికి తీసుకెళ్లండి. నేలకి దగ్గరగా ఒక గొట్టం, పైకప్పు కింద ఇంకొకటి, అరచేయంత వెడల్పువి, ఎవరూ మూయడానికి వీల్లేకుండా జాలీ బిగించి పెట్టండి. ఈ విషవాయువుని పసిగట్టే అలారం ఒకటి పెట్టి, అందులో లిథియం బ్యాటరీ వేయండి, మామూలువి ఆ చలికి నీరసపడిపోతాయి. పొయ్యి గొట్టానికీ చెక్కకీ మధ్య మూరెడు ఖాళీ ఉండాలి. వంటగ్యాస్ సిలిండరు చలికి మొరాయిస్తుంది. దాన్ని మంట దగ్గర పెట్టి వేడి చేయడం చావుని పిలవడమే.

ఇంకో సంగతి, తేమ. ఒక మనిషి రాత్రంతా ఊపిరిలోనూ చెమటలోనూ వదిలే నీరు పావు లీటరుకి తగ్గదు. ఆరుగురికి లీటరున్నర. అలాంటి గదిలో ఒక చలికాలం పడుకుని పొద్దున్నే టార్చి వేసి చూశాను. చెక్క గోడ మీద వరసగా ప్రతి మేకు తలకీ సగ్గుబియ్యపు గింజంత తెల్లటి మంచు. గోడలోంచి బయటిదాకా దిగిన మేకు చలిని లోపలికి లాక్కొస్తోంది. గోడ లోపలి పొరల్లోనూ అదే జరిగితే చెక్క కుళ్లిపోతుంది, చలి ఆపడానికి గోడలో కూరిన ఉన్ని ముద్దయిపోతుంది. కాబట్టి తేమని ఆపే ప్లాస్టిక్ పొర ఉన్నికి లోపలివైపు, అంటే వెచ్చగా ఉండే వైపు రావాలి. మేకులు గోడ ఈ కొస నుంచి ఆ కొసకి దిగకూడదు.

అక్కడి ఇళ్లకి చదును మట్టి కప్పులు ఉంటాయి కదా, మనమూ అలాగే వేద్దాం అంటారు. ఆ ఇళ్లలో మనుషులుంటారు, మంచు పడగానే పైకెక్కి తోసేస్తారు. మీ క్యాబిన్‌లో తోసేవాళ్లెవరు? 12 చదరపు మీటర్ల కప్పు మీద మీటరు ఎత్తున మంచు పేరుకుని గట్టిపడితే మూడున్నర టన్నుల బరువు. కప్పు వాలుగా ఉండాల్సిందే. చూరు పొట్టిగా పెట్టి, కప్పుని ఇనుప తాళ్లతో పునాదిలోకి కట్టండి, లేకపోతే గాలి లేపేస్తుంది. తలుపు లోపలికి తెరుచుకోవాలి, అడ్డంగా రెండు ముక్కలుగా ఉంటే మరీ మంచిది. మంచు సగందాకా పేరుకున్నా పై ముక్క తీసుకుని బయటపడొచ్చు. పార గది లోపలే ఉండాలి. భూకంపాల ప్రాంతం కాబట్టి రాతిగోడల మధ్య చెక్క పట్టీలు తప్పనిసరి. కాంక్రీటు పని ఆగస్టుకల్లా ముగించండి, తడి ఆరకముందే గడ్డకడితే అది పిండిలా రాలుతుంది.

ఇప్పుడు వెచ్చదనం. దక్షిణం వైపు పెద్ద కిటికీ అనగానే మన చెయ్యి వెనక్కి లాగుతుంది. అక్కడ వాస్తు సూర్యుడే. డిసెంబరులో మధ్యాహ్నం సూర్యుడు హైదరాబాద్‌లో 49 డిగ్రీల ఎత్తున ఉంటే జంస్కార్‌లో 33 డిగ్రీలే. ఎండ గది వెనక గోడదాకా వస్తుంది. ఆ గోడని మందపాటి మట్టి ఇటుకలతో కట్టి, బయటివైపు ఉన్ని కప్పితే, పగలు తాగిన ఎండని రాత్రి వదులుతుంది. లేహ్ దగ్గర ఫే గ్రామంలో సెక్మోల్ అనే బడి భవనాలు ఇలాగే ఎండతోనే వెచ్చబడతాయి, వెళ్లి చూసి రండి. మరుగుదొడ్డికి సెప్టిక్ ట్యాంకు వద్దు, గడ్డకడుతుంది. మట్టీ బూడిదా చల్లే స్థానిక పద్ధతే మేలు, వాగుకి దూరంగా.

సామాను గుర్రాల మీదే వెళ్లాలి. ఒక్కోటి 50, 60 కిలోలు మోస్తుంది. ఎనిమిదడుగుల ప్లైవుడ్ పలకని అలాగే కట్టకండి. సన్నటి కాలిబాటలో గాలికి అది తెరచాపలా లాగితే గుర్రం లోయలోకి పోతుంది. లేహ్‌లోనే కోయించి, అంకెలేసి పంపండి. మీరూ మొదటి రెండు రోజులు లేహ్‌లో ఊరికే కూర్చోండి, బరువులెత్తొద్దు.

సెప్టెంబరులో దిగే ముందు ఆరుగురూ ఒక రాత్రి అందులోనే పడుకోండి, బుఖారీ వెలిగించి, అలారం పెట్టుకుని. పొద్దున్నే టార్చి వేసి మేకు తలలు చూడండి. తడి చుక్కలుంటే ఆ పలక విప్పి, లోపల ప్లాస్టిక్ పొర ఎక్కడ చిరిగిందో చూసి సరిచేశాకే కిందికి రండి.